బడికి సిద్ధం కావలసింది ఎవరు?

బిడ్డను బడిలో వేసే ఏడాది వచ్చిందంటే ఇంట్లోనూ బడిలోనూ వినిపించే ప్రశ్న ఒకటే: పిల్లవాడు బడికి సిద్ధంగా ఉన్నాడా? పెన్సిలు పట్టుకోగలడా, పేరు పిలిస్తే పలుకుతాడా, కాసేపు ఒకచోట కుదురుగా కూర్చోగలడా, మరుగుదొడ్డికి వెళ్లాలనిపిస్తే నోరు తెరిచి చెప్పగలడా అని పెద్దలు లెక్కలు వేసుకుంటారు. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల విషయంలో ఈ ప్రశ్న పరీక్షగా మారుతుంది. జవాబు తృప్తికరంగా లేకపోతే ‘ఇంకో ఏడాది ఆగి చూద్దాం’ అన్న మాట వస్తుంది. ఆ ఏడాదిలో ఎవరు ఏం చేయాలో మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. వరుసలో నిలబడడం, తన వంతు కోసం ఆగడం, ముప్పైమంది మధ్య తనను ఉద్దేశించి అన్న మాటను పట్టుకోవడం వంటివి బడిలో ఉంటేనే అలవడతాయి. అందువల్ల ఏ సాయమూ లేకుండా ఇంట్లో ఆగిన బిడ్డ మరుసటి ఏడాది అదే పరీక్షకు దాదాపు అదే స్థితిలో, ఒక ఏడు పెద్దదై వస్తుంది.

ఈ ప్రశ్నను తిరగేసి అడగవచ్చునని ప్రపంచ దేశాలు కాగితం మీద ఒప్పుకుని మూడు దశాబ్దాలు దాటింది. 1994 జూన్‌లో స్పెయిన్‌లోని సలమాంకా నగరంలో 92 దేశాల ప్రభుత్వాలు, 25 అంతర్జాతీయ సంస్థలు సమావేశమై, సాధారణ బడులే పిల్లలందరినీ చేర్చుకునేలా మారాలని ప్రకటించాయి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక తన 24వ అధికరణంలో ఇంకో అడుగు ముందుకు వేసి, వైకల్యం కారణంగా ఎవరినీ సాధారణ విద్యావ్యవస్థ నుంచి బయట పెట్టరాదని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని చెప్పింది. అలాంటి సర్దుబాటును నిరాకరించడాన్ని కూడా ఆ ఒడంబడిక వివక్షగానే లెక్కిస్తుంది. అంటే సిద్ధపడవలసిన పనిలో పెద్ద వాటా బడిదే. అయితే ‘సర్దుబాటు’ అన్న మాట వినగానే ర్యాంపు, లిఫ్టు, ప్రత్యేక గది గుర్తుకు వచ్చినంత తొందరగా గంట మోత, తువ్వాలు, కుర్చీ ఎత్తు గుర్తుకు రావు. బడి మొదలైన తొలి వారాల్లో ఎక్కువమంది పిల్లల కష్టసుఖాలు తేలేది ఈ రెండో రకం చిన్న విషయాల దగ్గరే.

కొత్తగా చేరిన బిడ్డకు పాఠం అంత కష్టంగా ఉండదు, పాఠానికీ పాఠానికీ మధ్య ఉన్న ఖాళీలతోనే చిక్కు. పాఠం జరుగుతున్నంతసేపు ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎటు చూడాలో, ఏం చేయాలో ఎంతో కొంత స్పష్టంగా ఉంటుంది. గంట కొట్టగానే ఆ స్పష్టత పోతుంది. అందరూ ఒక్కసారి లేస్తారు, కుర్చీలు కీచుమంటాయి, సంచుల కోసం తోపులాట, వరండాలో పరుగులు, ఆటస్థలంలో ఎవరి గుంపు వారిది. పెద్దలు దీన్ని విరామం అంటారు. ఆటిజం ఉన్న బిడ్డకు, మాట అర్థం కావడానికి సమయం పట్టే బిడ్డకు, కళ్లు సరిగా కనిపించని బిడ్డకు, నడకలో తూలే బిడ్డకు రోజు మొత్తంలో అన్నిటికంటే బరువైన పని ఈ విరామమే. కాబట్టి తోడు అవసరమైన బిడ్డకు తోడు ఎప్పుడు ఉండాలని అడిగితే, లెక్కల పిరియడ్ కంటే ముందు ఉదయం గేటు దగ్గర, విరామంలో, భోజనం వేళ, ఇంటికి వెళ్లే గంట సమయంలో అని చెప్పాలి. ఆచరణలో సాధారణంగా దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. విరామం వచ్చిందంటే సహాయకురాలు కూడా విరామానికి వెళుతుంది.

మరుగుదొడ్డి సంగతే చూద్దాం. గదిలోకి వెళ్లి ఆ బిడ్డ ఎత్తుకు వంగి నిలబడి వింటే ఏం తెలుస్తుంది? గోడలకు పలకలు, నేల నున్నన, పైకప్పు ఎత్తు; ప్రతి చప్పుడూ రెండు మూడు సార్లు మోగుతుంది. ఎవరో ఫ్లష్ నొక్కుతారు, ఎవరో తలుపు వేస్తారు, గోడకున్న చేతులు ఆరబెట్టే యంత్రం ఒక్కసారి హోరుమంటుంది. ఆ యంత్రాల మోతను పిల్లల చెవి ఎత్తులో కొలిచి చూసిన ఒక కెనడా బాలిక పరిశోధన 2019లో పిల్లల వైద్యపత్రికలో అచ్చయింది. కొన్ని యంత్రాల మోత 100 డెసిబెళ్లు దాటుతున్నట్టు అందులో తేలింది. పెద్దల చెవులు ఆ గాలి ధారకు పైన ఉంటాయి, పిల్లల చెవులు దాదాపు దాని ఎదుటే ఉంటాయి. శబ్దాన్ని మామూలు కంటే తీవ్రంగా గ్రహించే బిడ్డ ఒకసారి ఆ గదిలోకి వెళ్లి భయపడిందంటే, రెండోసారి వెళ్లకుండా ఉండడానికి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటుంది, లేదా బట్టలు తడుపుకుంటుంది. రికార్డులో మాత్రం ‘మరుగుదొడ్డి అలవాటు ఇంకా కాలేదు’ అని పడుతుంది. ఆ యంత్రాన్ని ఆపి ఒక తువ్వాలు వేలాడదీస్తే తీరే సమస్య అది. ఇంద్రియాల గ్రహింపులో ఉన్న ఈ తేడాలను 2013లో వచ్చిన అమెరికా మనోవైద్యుల ఐదో వర్గీకరణ గ్రంథం ఆటిజం లక్షణాల జాబితాలో చేర్చింది. తల్లిదండ్రులకు ఈ సంగతి అంతకు ముందు నుంచే తెలుసు.

కూర్చోవడం కూడా అలాంటిదే. సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు పట్టుతప్పే స్థితి) ఉన్న బిడ్డ, డౌన్ సిండ్రోమ్ వల్ల కండరాల బిగువు తక్కువగా ఉన్న బిడ్డ కాళ్లు నేలకు ఆనని కుర్చీలో కూర్చుంటే, పడిపోకుండా నిలదొక్కుకోవడానికే తన శక్తిలో సగం ఖర్చయిపోతుంది. పాదాలు ఆనేలా ఒక పీట, మోచేతులు ఆనే ఎత్తులో బల్ల, జారని సీటు ఉంటే అదే బిడ్డ చేతిరాత మెరుగుపడుతుంది. డిస్‌ప్రాక్సియా అని పిలిచే కదలికల సమన్వయ లోపం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో నూటికి ఐదారుగురిలో ఉంటుందని అంచనా. వీరికి గుండీలు, జిప్పు, బూట్ల లేసు, డబ్బా మూత ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. బడి తెరిచే ముందు వేసవిలో అక్షరాలు రుద్దించే బదులు ఆ మూత తీయడం నేర్పిస్తే, లేదా మూత తేలికగా వచ్చే డబ్బా కొంటే, ఆ బిడ్డ భోజన విరామంలో ఆకలితో కూర్చోదు.

మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే బడి నడిచేదే మాటల మీద. ‘పుస్తకాలు మూసి, సంచిలో పెట్టి, డబ్బా తీసుకుని, తలుపు దగ్గర వరుసలో నిలబడండి’ అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి. భాషా వికాస లోపం ఉన్న బిడ్డకు చివరి పని మాత్రమే చెవిన పడుతుంది, లేదా ఏదీ పడదు. అప్పుడు చుట్టుపక్కల పిల్లలు ఏం చేస్తున్నారో చూసి అదే చేస్తుంది, ఒక అడుగు ఆలస్యంగా. ఇంగ్లండ్‌లో 2016లో వెలువడిన ఒక పెద్ద సర్వే ప్రకారం బడిలో చేరే వయసు పిల్లల్లో సుమారు 7 శాతానికి, అంటే ముప్పైమంది ఉన్న తరగతిలో ఇద్దరికి, ఈ లోపం ఉంటుంది. ఆటిజం కంటే ఇది ఎక్కువమందిలో కనిపిస్తుంది. అయినా దాని పేరు విన్నవారు తక్కువ, ఎందుకంటే ఈ పిల్లలు గొడవ చేయరు. అర్థమైనట్టు తల ఊపుతారు. ఇక్కడ చేయవలసింది ఖర్చులేని పని. ముందు పేరు పిలవాలి, ఒక్కో పనిని విడిగా చెప్పాలి, చెప్పాక ఆగాలి. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని 1970ల్లోనే అమెరికాలో తరగతి గదులను రికార్డు చేసి చూపించారు. మూడు సెకన్లు ఆగితేనే సాధారణ పిల్లల జవాబులు పొడవుగా, మెరుగ్గా వచ్చాయి. విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టే బిడ్డకు పది సెకన్లయినా ఇవ్వాలి. ఆ పది సెకన్లలో అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడిగితే బిడ్డ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. సాయం చేద్దామనుకున్నవారే ఇక్కడ ఎక్కువగా తప్పు చేస్తారు.

వినికిడి యంత్రం పెట్టుకున్న బిడ్డ గురించి ఒక అపోహ ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు సరైనట్టు, యంత్రం పెట్టుకుంటే వినికిడి సరైపోతుందని అనుకుంటారు. యంత్రం అన్ని శబ్దాలనూ పెంచుతుంది, ఫ్యాను చప్పుడుతో సహా. మాట్లాడేవారు ఒకటి రెండు మీటర్ల దూరం దాటితే దాని ప్రయోజనం వేగంగా పడిపోతుంది. ఇలాంటి పిల్లలకు టీచరు గొంతు గదిలోని రొద కంటే కనీసం 15 డెసిబెళ్లు ఎక్కువగా వినిపించాలని శ్రవణ నిపుణులు చెబుతారు. మామూలు తరగతి గదిలో అది అరుదు. ముందు వరుసలో కూర్చోబెట్టడం, టీచరు బల్లబోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడకపోవడం, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడడం, వీలైతే గొంతును నేరుగా యంత్రానికి పంపే మైకు వాడడం వంటివి చేయాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి మధ్య చెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గుతుంది, అదీ రోజుకో రకంగా. నిన్న చెప్పింది చేసిన బిడ్డ ఇవాళ చేయకపోతే మొండితనం అనుకునే ముందు చెవి పరీక్ష చేయించాలి.

విన్నది గాలిలో కలిసిపోతుంది, చూసింది కళ్ల ముందే ఉంటుంది. బొమ్మల టైంటేబుల్ అన్న సాధనం వెనక ఉన్న ఆలోచన ఇంతే. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో మొదలైన టీచ్ కార్యక్రమం ఆటిజం ఉన్న పిల్లల కోసం ఇలాంటి పద్ధతులను ఒక క్రమంలో పెట్టింది. ఒక అట్ట మీద పైనుంచి కిందికి బొమ్మలు: సంచి తగిలించడం, వలయంలో కూర్చోవడం, ఆట, చేతులు కడుక్కోవడం, భోజనం, ఇల్లు. ఒక్కో పని అయ్యాక బిడ్డే ఆ బొమ్మను ఊడదీసి ‘అయిపోయింది’ అని రాసిన కవరులో వేస్తుంది. దీన్ని అందంగా తయారుచేసి గోడకు అతికించి మరిచిపోయే బడులు చాలా ఉన్నాయి. అది అలంకారమే తప్ప సాధనం కాదు. బిడ్డ చేతికి అందే ఎత్తులో ఉండాలి, ప్రతి మార్పు దగ్గరా చూపించాలి, అన్నిటికంటే ముఖ్యంగా మార్పును కూడా అందులోనే చెప్పాలి. ఇవాళ వాన పడి ఆటస్థలానికి వెళ్లడం లేదంటే, ఆట బొమ్మ మీద అడ్డగీత పెట్టి పక్కన కొత్త బొమ్మ పెట్టాలి. ఏదీ మారకూడదన్న పట్టుదలను పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం గురించి రాసిన తన తొలి వ్యాసంలోనే గుర్తించాడు. మార్పు లేని బడి ఎక్కడా ఉండదు కనుక, మార్పును ముందుగా కళ్లకు చూపించడమే మిగిలిన దారి.

ఇవన్నీ బడి తెరిచాక కనిపెట్టాలంటే ఆలస్యమవుతుంది. చేరే నాటికి ఆ బిడ్డ గురించి తెలిసినవారు ముగ్గురు నలుగురు ఉంటారు: ఇంట్లోవారు, అంగన్‌వాడీ లేదా ప్లేస్కూలు టీచరు, స్పీచ్ థెరపిస్టు, వైద్యుడు. ఎవరికి తెలిసింది వారి దగ్గరే ఉండిపోతుంది. తరగతి టీచరు చేతికి వచ్చేది ఇరవై పేజీల వైద్య నివేదిక, లేదా శూన్యం. ఆ టీచరుకు కావలసింది ఒక్క పేజీ. అందులో ఐక్యూ అంకె అక్కర్లేదు. ఏం చూస్తే మురిసిపోతుంది, దేనికి బెదురుతుంది, బెదరబోయే ముందు ఏ గుర్తు కనిపిస్తుంది (చెవులు మూసుకోవడం, చొక్కా అంచు నమలడం, ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోవడం), అప్పుడు ఏం చేస్తే తేరుకుంటుంది, ఏం చేస్తే ఇంకా బిగుసుకుంటుంది, దాహం, నొప్పి, మరుగుదొడ్డి అవసరాలను ఎలా చెబుతుంది అన్నవి చాలు. చివరిది మాటరాని పిల్లల విషయంలో ప్రాణావసరం. ఒక బిడ్డ నీళ్లు కావాలంటే పెద్దవారి మోచెయ్యి పట్టి లాగుతుందని తెలియని టీచరు ఆ చేతిని విడిపించుకుంటుంది. తెలిసిన టీచరు సీసా అందిస్తుంది.

అదే కాలంలో బిడ్డకు బడి గురించి తెలియాలి. సెలవుల్లో, ఎవరూ లేనప్పుడు ఒకసారి, పిల్లలు ఉన్నప్పుడు ఇంకోసారి చూపించడం, గేటు నుంచి తరగతి వరకు దారిని, టీచరు ముఖాన్ని, తన సంచి తగిలించే కొక్కేన్ని, మరుగుదొడ్డి తలుపును ఫొటోలు తీసి చిన్న పుస్తకంగా కుట్టి రోజూ రాత్రి తిరగేయడం పనికొస్తాయి. చూపు తక్కువైన బిడ్డకైతే ఫొటోల బదులు అడుగులు: గేటు నుంచి గోడ పట్టుకుని నడిచి, మలుపు తర్వాత మూడో తలుపు. యూనిఫాం గుడ్డ గుచ్చుకుంటుందేమో, మెడ వెనక చీటీ కత్తిరించాలేమో కూడా ఈ వారాల్లోనే తెలుసుకోవాలి.

మూర్ఛ, మధుమేహం, తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లల విషయంలో రాతపూర్వకమైన ఆరోగ్య ప్రణాళిక లేకుండా మొదటి రోజు మొదలు కాకూడదు. మూర్ఛ ఐదు నిమిషాలు దాటితే అత్యవసర వైద్యం పిలవాలన్నది, మందు ఎక్కడ ఉందన్నది ఒక్క టీచరుకే కాదు, ఆ టీచరు సెలవు పెట్టిన రోజున వచ్చే వారికీ తెలియాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా లోపం పేరు ముందే తెలిసిన పిల్లల గురించి. బడిలో చేరాకనే తేడా బయటపడే పిల్లలు వారికంటే ఎక్కువ. ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. తరగతిలో అందరికంటే చిన్న వయసు పిల్లలకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉందని నిర్ధారించడం పెద్ద వయసు వారికంటే ఎక్కువగా జరుగుతోందని అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. పదకొండు నెలల వయసు తేడాను జబ్బుగా చూసిన సందర్భాలు అందులో కలిసిపోయి ఉంటాయి. ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో నోరు విప్పని బిడ్డకు సెలెక్టివ్ మ్యూటిజం ఉందా అని చూసేటప్పుడు, బడిలో మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదని నిర్ధారణ ప్రమాణాలే చెబుతాయి. కొత్తచోట నెల రోజులు మూగబోవడం మామూలే. మరోవైపు, టీచరు పిలిచినా కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే బిడ్డను పగటికలల పిల్ల అని వదిలేస్తే, అవి ఆబ్సెన్స్ రకం మూర్ఛలు కావచ్చు. పేరు పెట్టడానికి తొందర అక్కర్లేదు, సాయానికి మాత్రం పేరు తేలేదాకా ఆగనక్కర్లేదు. నిర్ధారణ పత్రం ఉంటేనే బొమ్మల టైంటేబుల్ పెడతామనడం, చీటీ ఉంటేనే మంచినీళ్లు ఇస్తామన్నట్టు ఉంటుంది.

మొదటి వారాల్లో రోజుకు ఒకటి రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం కొందరు పిల్లలకు మేలు చేస్తుంది. ఈ పద్ధతికి ఒక షరతు ఉండాలి: ఏ వారం ఎన్ని గంటలు, పూర్తి రోజు ఏ తేదీ నుంచి అన్నది మొదటే రాసుకోవాలి. తేదీ లేని కుదింపు మెల్లగా శాశ్వతమవుతుంది. గంట తర్వాత తీసుకుపొమ్మని ఫోను వచ్చే ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది. సాధారణంగా అది తల్లి.

సహాయకుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. బిడ్డ పక్కన ఒక మనిషిని కూర్చోబెడితే సమస్య తీరినట్టేనని తల్లిదండ్రులూ బడీ ఇద్దరూ నమ్ముతారు. ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో 2003 నుంచి 2008 వరకు సాగిన పెద్ద అధ్యయనం ఈ నమ్మకాన్ని కుదిపేసింది: సహాయకుల తోడు ఎక్కువగా అందిన పిల్లలు, తొలి స్థాయిని లెక్కలోకి తీసుకున్నా, తోడు తక్కువగా అందిన వారికంటే చదువులో తక్కువ ముందుకు వెళ్లారు. తప్పు సహాయకులది కాదు. వారికి తగిన శిక్షణ ఉండదు, పాఠం ఏమిటో ముందుగా తెలియదు, పైగా వారు వచ్చాక తరగతి టీచరు ఆ బిడ్డతో నేరుగా మాట్లాడడం తగ్గిపోతుంది. బిడ్డకూ ఇతర పిల్లలకూ మధ్య ఒక పెద్ద మనిషి గోడలా ఉంటే స్నేహం కుదరదు. మంచి సహాయకురాలు ఎక్కడుందో వెంటనే కనిపెట్టలేం: ఆమె రెండు బల్లల అవతల వేరే పిల్లలకు పెన్సిలు చెక్కుతూ, ఓరకంట ఇటు చూస్తూ ఉంటుంది. బిడ్డ జిప్పుతో కుస్తీ పడుతుంటే వెంటనే చేయి వేయదు. మొదటి పళ్లు మాత్రం కలిపి వదిలేస్తుంది, పైకి లాగడం బిడ్డ పని.

తోటిపిల్లలకు ఎంత చెప్పాలన్నది ఇంటివారి ఇష్టం. చెప్పదలిస్తే లోపం పేరు కంటే పనికొచ్చే మాట చెప్పడం మేలు: ‘పెద్ద చప్పుడు వస్తే తనకు చెవి నొప్పిపుడుతుంది, అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది.’ ఐదేళ్ల పిల్లలకు అంతకు మించి వివరణ అక్కర్లేదు, వెంటనే వేరే ప్రశ్నలోకి వెళ్లిపోతారు.

సాయంత్రం ఇంట్లో కనిపించే దృశ్యం బడికి తెలియదు. రోజంతా బుద్ధిగా ఉందని టీచరు మెచ్చుకున్న బిడ్డ గుమ్మం దాటగానే బూట్లు విసిరేసి గంటసేపు ఏడుస్తుంది. బడిలో బాగానే ఉంది కనుక తప్పు ఇంటి పెంపకంలో ఉందని బడి అనుకుంటుంది, బడిలో ఏదో జరిగిందని ఇల్లు అనుమానిస్తుంది. చాలాసార్లు రెండూ నిజం కావు. ఆరు గంటలు బిగపట్టుకున్నది భద్రంగా అనిపించిన చోట వదులవుతుంది. బడి నుంచి రాగానే ప్రశ్నలు వేయకుండా, ట్యూషన్‌కో థెరపీకో పరుగెత్తించకుండా కాసేపు వదిలేయడం ఇంటివారు చేయగలిగింది. పగటిపూట నిశ్శబ్దంగా కూర్చునే మూల ఒకటి, దానికి వెళ్లడానికి అనుమతి అడగనక్కర్లేని ఒక కార్డు ఇవ్వడం బడి చేయగలిగింది. ఈ రెండు చోట్ల మధ్య తిరిగే నోటు పుస్తకంలో ‘ఇవాళ బాగుంది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘రెండో విరామంలో బయటకు రాలేదు, భోజనం సగమే తింది, ఇసుకలో ఒక పాప పక్కన పది నిమిషాలు ఆడింది’ అని మూడు ముక్కలు రాస్తే, ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది, బడికి ఒక ఆధారం మిగులుతుంది. గేటు దగ్గర అందరి ముందు ఫిర్యాదులు చెప్పే అలవాటు కూడా ఈ పుస్తకంతో తగ్గుతుంది.

ఆరేడు వారాలయ్యాక ఇరుపక్షాలూ ఆ మూడేసి ముక్కలను ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఏ సాయం ఇంకా కావాలి, ఏది మార్చాలి అన్నవాటితో పాటు ఏది తీసేయవచ్చు అని కూడా అడగాలి. బడులు ఈ మూడో ప్రశ్నను మరిచిపోతుంటాయి. కొన్ని సాయాలు ఎప్పటికీ ఉంటాయి, వినికిడి మైకును ఎవరూ తీసేయరు. కొన్ని తమంతట తామే పక్కకు తప్పుకుంటాయి. అట్ట మీది బొమ్మల్లో భోజనం దాకా ఉన్నవన్నీ ముట్టుకోకుండానే పనులు జరిగిపోతున్నాయని, బిడ్డ ఇప్పుడు చివరి బొమ్మను మాత్రమే, ఇల్లు బొమ్మను, చూసుకుంటోందని ఎవరో ఒకరు గమనించి రాసి ఉంటే, మర్నాటి నుంచి ఆ ఒక్క బొమ్మ ఉంచితే సరిపోతుంది.